రైడ్‌షేర్ డ్రైవర్ల బీమా లోటు

రైడ్‌షేర్ డ్రైవర్ల బీమా లోటు అనగా, సొంత కారును మొబైల్ యాప్ ద్వారా కిరాయికి తిప్పే వ్యక్తికి అతని సొంత వాహన బీమా గాని, యాప్ నడిపే సంస్థ తీసుకున్న బీమా గాని పూర్తిగా వర్తించని పరిస్థితి. లిఫ్ట్, ఊబర్ వంటి సంస్థలు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2012-13 ప్రాంతంలో సామాన్యుల సొంత కార్లతో ప్రయాణీకులను చేరవేయడం మొదలుపెట్టినప్పుడు ఈ సమస్య బయటపడింది. 2014 నుండి అనేక రాష్ట్రాలు చేసిన చట్టాల వలన, ప్రమాదంలో ఎదుటివారికి కలిగే నష్టం విషయంలో ఈ లోటు చాలావరకు పూడింది. డ్రైవరు సొంత కారుకు, అతని శరీరానికి కలిగే నష్టం విషయంలో మాత్రం చాలా రాష్ట్రాలలో ఇంకా మిగిలే ఉంది.

పేరు, నేపథ్యం

"రైడ్‌షేర్" అనే మాటకు మొదట ఉన్న అర్థం వేరు. ఒకే దారిన ఉద్యోగానికి పోయే నలుగురు ఒకే కారులో వెళ్ళి పెట్రోలు ఖర్చు పంచుకోవడాన్ని అలా పిలిచేవారు. ఇందులో లాభాపేక్ష లేదు. అమెరికాలోని వ్యక్తిగత వాహన బీమా పాలసీలలో ఎంతో కాలంగా ఒక మినహాయింపు ఉన్నది. కారును ప్రజలకు కిరాయి వాహనంగా వాడుతున్నప్పుడు జరిగిన నష్టానికి పాలసీ వర్తించదు. ఖర్చులు పంచుకొనే ప్రయాణాలకు మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. అంటే స్నేహితుని ఎక్కించుకొని పెట్రోలుకు డబ్బు తీసుకుంటే పాలసీ నిలుస్తుంది, అపరిచితుని ఎక్కించుకొని కిరాయి తీసుకుంటే నిలవదు.

లిఫ్ట్ సంస్థ 2012 లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రారంభమైనప్పుడు ప్రయాణీకుడు ఇచ్చేది కిరాయి కాదని, విరాళమని చెప్పేది. కారు ముందు భాగాన పెద్ద గులాబీ రంగు మీసం తగిలించి, స్నేహితుని కారు అన్న భావన కల్పించేవారు. అయితే బీమా సంస్థలు మీసాన్ని గాక పాలసీ వాక్యాన్ని చూస్తాయి. యాప్ చెప్పిన చోటికి వెళ్ళి, చెప్పిన వ్యక్తిని ఎక్కించుకొని, డబ్బు తీసుకోవడం వారి దృష్టిలో కిరాయియే.

బీమా లెక్కలో ఈ భేదానికి కారణం లేకపోలేదు. సొంత పనులకు వాడే కారు రోజులో ఎక్కువ భాగం ఇంటి ముందు నిలిచి ఉంటుంది. కిరాయి కారు రద్దీ వీధులలో, రాత్రి వేళల్లో, తెలియని దారులలో, ఫోను తెర వైపు చూస్తూ నడిచేది. ప్రమాదం జరిగే అవకాశం ఎక్కువ కాబట్టి టాక్సీలకు ప్రీమియం కూడా అనేక రెట్లు ఎక్కువగా ఉంటుంది. సొంత కారు ప్రీమియం కట్టి టాక్సీ నడిపితే ఆ తేడాను మిగిలిన పాలసీదారులు భరించవలసి వస్తుందన్నది బీమా సంస్థల వాదన.

దశలు

ఈ రంగంలో డ్రైవరు సమయాన్ని నాలుగు దశలుగా విభజించడం వాడుక అయింది. యాప్ ఆపివేసి ఉన్న సమయం సున్నా దశ. యాప్ తెరచి పిలుపు కోసం ఎదురుచూసే సమయం మొదటి దశ. పిలుపు అంగీకరించి ప్రయాణీకుని వద్దకు వెళ్ళే సమయం రెండవ దశ. ప్రయాణీకుడు ఎక్కినది మొదలు దిగేవరకు మూడవ దశ.

సున్నా దశలో వ్యక్తిగత పాలసీ వర్తిస్తుంది. రెండు, మూడు దశలలో సంస్థ బీమా వర్తిస్తుంది. సాధారణంగా ఎదుటివారి నష్టానికి 10 లక్షల డాలర్ల వరకు ఉంటుంది. వివాదమంతా మొదటి దశలోనే. ఆ సమయంలో కారులో ప్రయాణీకుడు లేడు, రావలసినవాడూ నిర్ణయం కాలేదు. కాబట్టి మా సేవ మొదలు కాలేదని సంస్థ అనవచ్చు. యాప్ తెరచి ఉంది కాబట్టి ఇది వ్యాపారమేనని వ్యక్తిగత బీమా సంస్థ అనవచ్చు. రెండు వాదనలలోనూ కొంత న్యాయం ఉన్నందువల్లనే మధ్యలో ఉన్న డ్రైవరుకు చిక్కు వచ్చింది. పైగా ఇది చిన్న వ్యవధి కాదు. కిరాయి లేకుండా తిరుగుతూ, ఆగుతూ గడిపే సమయం డ్రైవరు రోజులో గణనీయమైన భాగం.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రమాదం

కాలిఫోర్నియా ప్రజోపయోగ సేవల కమిషన్ 2013 సెప్టెంబరులో దేశంలోనే మొదటిసారిగా ఈ సంస్థలకు "రవాణా నెట్‌వర్క్ సంస్థలు" అనే ప్రత్యేక తరగతిని ఏర్పరచింది. సేవ అందిస్తున్న సమయంలో ప్రతి ప్రమాదానికి 10 లక్షల డాలర్ల బీమా ఉండాలని నియమం పెట్టింది. "సేవ అందిస్తున్న సమయం" ఎప్పుడు మొదలవుతుందో మాత్రం స్పష్టం చేయలేదు.

నాలుగు నెలలు తిరగకుండానే ఆ అస్పష్టతకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. 2013 డిసెంబరు 31 సాయంత్రం శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో రోడ్డు దాటుతున్న ఒక తల్లిని, ఆమె ఇద్దరు పిల్లలను ఒక కారు ఢీకొన్నది. ఆరేళ్ళ బాలిక మరణించింది. తల్లి, కుమారుడు గాయపడ్డారు. కారు నడిపిన వ్యక్తి ఊబర్ యాప్ తెరచి పిలుపు కోసం చూస్తున్నాడు. ఆ సమయంలో అతడు తమ సేవలో లేడని, కారులో ప్రయాణీకుడు లేడని ఊబర్ సంస్థ ప్రకటించింది. బాలిక కుటుంబం 2014 జనవరిలో సంస్థపై దావా వేసింది. 2015 లో ఇరుపక్షాలు రాజీపడ్డాయి.

దావా నడుస్తుండగానే, 2014 మార్చిలో, ఊబర్ సంస్థ మొదటి దశకు కూడా పరిమిత బీమా ప్రకటించింది. సేవ మొదలు కాలేదని వాదించిన సమయానికే బీమా ఇవ్వడం ద్వారా, ఆ సమయానికి ఎవరో ఒకరు బాధ్యత వహించక తప్పదని సంస్థ ఆచరణలో ఒప్పుకున్నట్లయింది.

చట్టాలు

కొలరాడో రాష్ట్రం 2014 జూన్‌లో ఈ సంస్థల కొరకు చట్టం చేసింది. శాసనసభ ద్వారా ఇటువంటి చట్టం చేసిన రాష్ట్రాలలో అది మొదటిది. కాలిఫోర్నియాలో 2014 లో ఆమోదం పొందిన చట్టం 2015 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం మొదటి దశలో గాయపడిన ఒక్కొక్కరికి 50,000 డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడిన వారందరికీ కలిపి 1,00,000 డాలర్లు, ఆస్తి నష్టానికి 30,000 డాలర్లు, దానిపై అదనంగా 2,00,000 డాలర్ల బీమా ఉండాలి. 2015 మార్చిలో బీమా సంస్థలు, రైడ్‌షేర్ సంస్థలు కలిసి ఒక నమూనా చట్టంపై రాజీకి వచ్చాయి. అందులో మొదటి దశకు ఈ మొత్తాలు వరుసగా 50,000, 1,00,000, 25,000 డాలర్లు. చాలా రాష్ట్రాలు స్వల్ప మార్పులతో దీనినే అనుసరించాయి. న్యూయార్క్ రాష్ట్రం, నగరానికి వెలుపలి ప్రాంతాలలో 2017 జూన్ నుండి ఈ సేవలను అనుమతిస్తూ మొదటి దశకు 75,000, 1,50,000, 25,000 డాలర్లు, తరువాతి దశలకు 12.5 లక్షల డాలర్లు నిర్ణయించింది.

ఈ చట్టాలలో తరచుగా చర్చకు రాని మరొక భాగం ఉన్నది. యాప్ తెరచి ఉన్నంతసేపు వ్యక్తిగత బీమా సంస్థ తన పాలసీలోని ఏ రక్షణనైనా మినహాయించవచ్చునని ఇవి స్పష్టంగా అనుమతించాయి. ఒకవైపు ఎదుటివారి నష్టానికి సంస్థ బీమాను తప్పనిసరి చేసి, మరొకవైపు డ్రైవరు సొంత పాలసీ తప్పుకోవడానికి చట్టబద్ధమైన దారి ఇచ్చాయి. అంతకు ముందు డ్రైవరు న్యాయస్థానానికి వెళ్ళి పాలసీ వాక్యానికి అర్థం ఏమిటని వాదించే అవకాశమైనా ఉండేది. రాజీ కుదిరినప్పుడు అక్కడ బీమా సంస్థలకు, రైడ్‌షేర్ సంస్థలకు, పాదచారులకు తమ పక్షాన మాట్లాడేవారు ఉన్నారు. డ్రైవర్ల పక్షం బలహీనం.

డ్రైవరు సొంత కారు

మొదటి దశలో సంస్థ ఇచ్చేది ఎదుటివారి నష్టానికి మాత్రమే. డ్రైవరు కారు దెబ్బతింటే ఆ బీమా నుండి ఏమీ రాదు. రెండు, మూడు దశలలో ఊబర్, లిఫ్ట్ సంస్థలు కారుకు జరిగే నష్టాన్ని కూడా భరిస్తాయి గాని రెండు షరతులు ఉన్నాయి. డ్రైవరు తన వ్యక్తిగత పాలసీలో సొంత కారు నష్టానికి ముందే బీమా తీసుకొని ఉండాలి. మరియు నష్టంలో మొదటి 2,500 డాలర్లు డ్రైవరే భరించాలి. ఇలా పాలసీదారు తానే భరించవలసిన తొలి మొత్తాన్ని డిడక్టిబుల్ అంటారు. వ్యక్తిగత పాలసీలలో ఇది సాధారణంగా 500 లేదా 1,000 డాలర్లు ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. డ్రైవరు తప్పిదం వలన ముందున్న కారును ఢీకొన్నాడని, తన కారు మరమ్మతుకు 9,000 డాలర్లు అవుతుందని అనుకుందాం. అతడు పిలుపు కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఇది జరిగితే ఎదుటి కారు మరమ్మతుకు సంస్థ బీమా చెల్లిస్తుంది. తన కారుకు అతడికి వచ్చేది సున్నా. ఒక్క నిముషం తరువాత, పిలుపు అంగీకరించిన పిమ్మట జరిగితే 6,500 డాలర్లు వస్తాయి. అతడు పాత కారు కదా అని కేవలం థర్డ్ పార్టీ పాలసీతో సరిపెట్టుకున్నవాడైతే అప్పుడు కూడా సున్నాయే. మరమ్మతు ఖర్చు 2,300 డాలర్లు మాత్రమే అయితే యాప్ తెరచి ఉన్న ఏ దశలోనైనా మొత్తం తానే పెట్టుకోవాలి. అదే రోడ్డు, అదే ఢీ, అదే కారు. మారినది ఫోను తెరపై ఒక బొత్తాము నొక్కిన క్షణం మాత్రమే. అందుచేత క్లెయిము వివాదాలలో యాప్ సర్వర్లలో నమోదైన సమయం ముఖ్య సాక్ష్యం అవుతుంది. ఆ సమాచారం సంస్థ చేతిలో ఉంటుంది. దానిని బీమా సంస్థలకు అందించాలని పలు రాష్ట్రాల చట్టాలు నిర్దేశించాయి.

కారు అప్పుపై కొన్నదైతే కష్టం రెట్టింపు అవుతుంది. కారు తుక్కుగా మారినా వాయిదాలు ఆగవు. ఆ కారే జీవనాధారం కాబట్టి మరమ్మతు జరిగినన్నాళ్ళు సంపాదన కూడా ఉండదు. పోయిన సంపాదనకు ఈ బీమాలు సాధారణంగా పరిహారం ఇవ్వవు.

డ్రైవరు దేహం

అమెరికాలో పనిలో గాయపడిన ఉద్యోగికి కార్మిక పరిహార బీమా వర్తిస్తుంది. రైడ్‌షేర్ సంస్థలు డ్రైవర్లను ఉద్యోగులుగా గాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా పరిగణిస్తాయి కాబట్టి చాలా రాష్ట్రాలలో వారికి అది లేదు. కాలిఫోర్నియాలో 2020 నవంబరులో ప్రజలు ఓటు వేసి ఆమోదించిన 22 వ ప్రతిపాదన డ్రైవర్లను కాంట్రాక్టర్లుగానే ఉంచి, దానికి బదులుగా కనీసం 10 లక్షల డాలర్ల వరకు వైద్య ఖర్చులకు, పోయిన ఆదాయంలో కొంత భాగానికి ప్రమాద బీమా ఇవ్వాలని నిర్దేశించింది. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2024 జూలైలో ఈ ప్రతిపాదన చెల్లుతుందని తీర్పు ఇచ్చింది.

వాషింగ్టన్ రాష్ట్రం 2022 లో చేసిన చట్టం ద్వారా 2023 జనవరి నుండి డ్రైవర్లకు కార్మిక పరిహారం వర్తింపజేసింది. అయితే అది పిలుపు అంగీకరించిన తరువాతి సమయానికే. పిలుపు కోసం చూసే సమయం ఇక్కడ కూడా వెలుపలే ఉండిపోయింది. వాహన బీమాలో కనిపించిన లోటు దేహ బీమాలో మళ్ళీ అదే చోట కనిపించడం గమనార్హం.

ఎదుటి కారుకు బీమా లేనప్పుడు, లేదా చాలినంత లేనప్పుడు ఉపయోగపడే రక్షణ మరొకటి ఉన్నది. కాలిఫోర్నియాలో ప్రయాణీకుడు కారులో ఉన్న సమయానికి ఇది 10 లక్షల డాలర్లుగా ఉండేది. 2025 లో చేసిన చట్టం దీనిని 2026 జనవరి 1 నుండి ఒక్కొక్కరికి 60,000 డాలర్లకు, ఒక ప్రమాదానికి 3,00,000 డాలర్లకు తగ్గించింది. బీమా భారం తగ్గితే కిరాయిలు తగ్గుతాయన్నది సంస్థల వాదన. కాని బీమా లేని వాహనం ఢీకొని వెన్నెముక విరిగిన డ్రైవరుకు 60,000 డాలర్లు అమెరికా ఆసుపత్రిలో ఎన్ని రోజులకు సరిపోతాయన్నది ఆలోచించవలసిన విషయం.

చెప్పడమా, దాచడమా

కిరాయికి తిప్పుతున్న సంగతి డ్రైవరు తన బీమా సంస్థకు చెబితే ప్రీమియం పెరగవచ్చు, పాలసీ పునరుద్ధరణ నిరాకరించబడవచ్చు. చెప్పకపోతే, ప్రమాదం జరిగిన తరువాత ముఖ్య విషయం దాచాడన్న కారణంతో క్లెయిము తిరస్కరణకు గురికావచ్చు. వ్యక్తిగత పాలసీ రద్దయితే రెండు, మూడు దశలలో సంస్థ ఇచ్చే సొంత కారు రక్షణ కూడా దానితోపాటే పోతుంది.

2015 నుండి అనేక బీమా సంస్థలు వ్యక్తిగత పాలసీకి జతగా రైడ్‌షేర్ అనుబంధాన్ని అమ్ముతున్నాయి. కొంత అదనపు ప్రీమియంతో ఇది మొదటి దశకు సొంత పాలసీ రక్షణను పొడిగిస్తుంది. కొన్ని అనుబంధాలు 2,500 డాలర్ల డిడక్టిబుల్‌లో తేడాను కూడా భరిస్తాయి. పూర్తి వాణిజ్య పాలసీ కంటే ఇది చాలా చౌక. అన్ని సంస్థలు, అన్ని రాష్ట్రాలలో అమ్మవు. ఆహారం, సరుకులు చేరవేసే పనికి ఇది వర్తిస్తుందా లేదా అన్నది పాలసీ చదివి తెలుసుకోవలసినదే. అదే డ్రైవరు ఒకే పూటలో రెండు పనులూ చేయడం సాధారణం కనుక ఇది చిన్న విషయం కాదు.

అమెరికాలో చదువుకొనే తెలుగు విద్యార్థులకు ఇందులో మరొక చిక్కు ఉన్నది. ఎఫ్-1 వీసాపై ఉన్నవారు అనుమతి లేకుండా కళాశాల వెలుపల పని చేయరాదు. రైడ్‌షేర్ నడపడం కూడా పనియే. ఇతరుల ఖాతాతో నడపడం సంస్థల నియమాలకు విరుద్ధం. సంస్థ బీమా నమోదైన డ్రైవరును, నమోదైన కారును ఆధారం చేసుకొని ఉంటుంది. అలా నడుపుతూ ప్రమాదానికి గురైన వ్యక్తికి వీసాతోపాటు రెండు బీమాలూ చేజారే ప్రమాదం ఉంటుంది.

న్యూయార్క్ నగరం

న్యూయార్క్ నగరంలో పై సమస్య ఈ రూపంలో లేదు. అక్కడ యాప్ కార్లు కూడా టాక్సీ మరియు లిమోజిన్ కమిషన్ లైసెన్సు పొంది, అన్ని వేళలా వర్తించే వాణిజ్య బీమా కలిగి ఉండాలి. డ్రైవర్ల గాయాలకు 1999 లో ఏర్పడిన బ్లాక్ కార్ నిధి పరిహారం ఇస్తుంది; దీనికి డబ్బు ప్రయాణీకుల కిరాయిపై వేసే సర్‌చార్జీ నుండి వస్తుంది. మూల్యం మాత్రం ఎక్కువ. వాణిజ్య ప్రీమియం ఏటా వేల డాలర్లు, అదీ డ్రైవరే కట్టుకోవాలి. అక్కడి కిరాయి వాహనాలలో సగానికి పైగా బీమా చేసిన అమెరికన్ ట్రాన్సిట్ అనే సంస్థ ఆస్తుల కంటే బాధ్యతలు ఎంతో ఎక్కువై ఉన్నట్లు 2024 లో వెల్లడయింది.

భారతదేశంలో

భారతదేశంలో ఓలా, ఊబర్ కార్లు చాలావరకు పసుపు నంబరు పలకతో, పర్మిట్‌తో, వాణిజ్య బీమాతో నడుస్తాయి. యాప్ తెరచినా మూసినా అదే పాలసీ కాబట్టి దశల వివాదం లేదు. లోటు కనిపించేది తెల్ల పలకతో నడిచే బైక్ టాక్సీల విషయంలో. హైదరాబాదు వంటి నగరాలలో ఇటువంటివి విస్తారంగా ఉన్నాయి. ద్విచక్ర వాహనపు సొంత పాలసీలో "కిరాయి లేదా ప్రతిఫలం" కొరకు వాడరాదన్న షరతు ఉంటుంది. చట్టం కోరే కనీస పాలసీ మాత్రమే ఉన్న బండి వెనుక ఉచితంగా కూర్చున్న వ్యక్తికే ఆ పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2006 లో చెప్పింది. పర్మిట్ లేని వాహనం కేసులో, బీమా సంస్థ ముందు బాధితునికి చెల్లించి తరువాత యజమాని నుండి రాబట్టుకోవచ్చునన్న ఆదేశాన్ని 2018 లో సమర్థించింది. దీనివలన బాధితునికి ఊరట లభిస్తుంది గాని, ఆ లక్షల రూపాయలు చివరికి బండి యజమాని మెడకే చుట్టుకుంటాయి.

కేంద్ర ప్రభుత్వం 2020 లో జారీ చేసిన అగ్రిగేటర్ మార్గదర్శకాలు డ్రైవరుకు కనీసం 5 లక్షల రూపాయల ఆరోగ్య బీమా, 10 లక్షల రూపాయల టర్మ్ బీమా ఉండాలన్నాయి. 2025 జూలైలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు ఈ మొత్తాలను కొనసాగిస్తూ, సొంత మోటారు సైకిళ్ళను ప్రయాణీకుల కొరకు వాడే అనుమతిని రాష్ట్రాల నిర్ణయానికి వదిలాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 లో మొదలైన వాహనమిత్ర పథకం సొంత ఆటో, టాక్సీ నడుపుకొనేవారికి బీమా, ఫిట్‌నెస్, మరమ్మతుల ఖర్చుకు ఏటా 10,000 రూపాయలు ఇచ్చింది. 2025 అక్టోబరులో వేరొక ప్రభుత్వం "ఆటో డ్రైవర్ల సేవలో" అనే పేరుతో 15,000 రూపాయలు ఇచ్చింది. ఈ రెండు పథకాలు ప్రీమియం భారాన్ని తగ్గించేవే. తెల్ల పలక బండి పాలసీలోని కిరాయి షరతుతో వీటికి సంబంధం లేదు.